ఐసు కోసం ముమ్మిడివరం

కోనసీమ వెళ్ళొచ్చానంటే మా ల్యాబులో అందరూ మొదట అడిగింది పూతరేకులు తెచ్చావా అని. తెచ్చాను, దారిలో సగం తినేశాను. రెండో మాటగా రక్తం తెచ్చావా అన్నారు. ముగ్గురి రక్తం కోసం వెళ్ళి నలుగురిది తెచ్చాను. ఆ నాలుగో మనిషి ఎలా దొరికాడో చెప్పాలంటే దారి పొడుగునా చెప్పాల్సిందే.

నేను డాక్టర్ని కాదు. హైదరాబాదులో రక్తపు జబ్బుల మీద పనిచేసే ఒక చిన్న ల్యాబులో పరిశోధకురాలిని. పుట్టింది అనంతపురం జిల్లాలో. బిందె నీళ్ళ కోసం ఇరుగుపొరుగు జుట్టూ జుట్టూ పట్టుకోవడం చూస్తూ పెరిగినదాన్ని. కాబట్టి కోనసీమలో నీళ్ళు చూసి నేను నోరు వెళ్ళబెట్టిన చోటల్లా కాస్త ఓపిక పట్టండి.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. అమలాపురం పక్కన బండార్లంక నుంచి సూరిబాబు అనే నేతగాడు బ్లడ్ క్యాన్సరుతో మా పక్క ఆసుపత్రిలో చేరాడు. ముప్ఫై ఏళ్ళు. నవ్వితే కుడి బుగ్గ ఒక్కటే సొట్టపడేది. సూది గుచ్చినవాళ్ళకు కూడా "ఆయ్, థాంక్సండీ" అనేవాడు. వాళ్ళ నాన్న ఇదే జబ్బుతో పోయాడు. మేనత్తకు చిన్న దెబ్బ తగిలినా ఒళ్ళు కమిలిపోతుందట. అందుకే కేసు మా దాకా వచ్చింది.

ఇక్కడ కాస్త పాఠం తప్పదు. జన్యువు తిన్నగా రాసిన వాక్యం కాదు. పనికొచ్చే ముక్కకీ ముక్కకీ మధ్య పనికిరాని సోది బారెడు ఉంటుంది. కణం ముందు మొత్తాన్నీ ఆర్‌ఎన్‌ఏ అనే నకలుగా ఎత్తి రాసుకుంటుంది. తర్వాత సోదినంతా కత్తిరించి పారేసి, పనికొచ్చే ముక్కల్ని కొసకు కొస అతుకుతుంది. ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ కాకూడదు. మీరు ఈ వాక్యం చదివేలోపు మీ ఎముకల మూలుగలో, అంటే రక్తం తయారయ్యే చోట, ఇలాంటి అతుకులు లెక్కలేనన్ని పడ్డాయి. ఇన్నేళ్ళుగా ఇదే పనిలో ఉన్నా, తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

సూరిబాబు రక్తంలో ఒక అతుకు తప్పు పడుతోంది. రక్తకణాలు ఎలా ఎదగాలో చెప్పే జన్యువులో, పారెయ్యాల్సిన ముక్క ఒకటి నకలులో అలాగే ఉండిపోతోంది. అసలు జన్యువులో లోపం ఎక్కడుందో మాకింకా దొరకలేదు. తప్పతుకు మాత్రం ఆర్‌ఎన్‌ఏలో కనిపించింది. పుట్టుకతో వచ్చిన ఈ తప్పు అందరినీ వెంటనే పడెయ్యదు. కొందరు దానితోనే ముసలివాళ్ళవుతారు. కొందరిలో ఒకనాటికి రక్తం క్యాన్సరుకు తిరుగుతుంది.

అతను బతకాలంటే తోబుట్టువు మూలుగ కావాలి. రాజోలులో ఉన్న చెల్లెలు పద్మది పోలిక కలిసింది, అంటే ఆమె మూలుగ ఇతని ఒంటికి సరిపడుతుందని పరీక్షలో తేలింది. అయితే ఆమెలోనూ అదే తప్పతుకు ఉంటే, ఆమె మూలుగ ఎక్కించడమంటే అదే జబ్బును మళ్ళీ విత్తినట్టే. పద్మ రక్తం మంచిదా కాదా అన్నది తేల్చడానికే నా ప్రయాణం.

బయల్దేరే ముందు సూరిబాబు మంచం పక్కన కూర్చుని వంశవృక్షం చార్టు గీశాను.

"తోబుట్టువులు?"

"చెల్లి ఉందండి. తమ్ముడున్నాడండి, ముమ్మిడివరంలో."

"సొంత తమ్ముడేనా?"

అతను కాసేపు దుప్పటి అంచు చూసుకున్నాడు. "పెద్దమ్మ కొడుకండి."

"సొంతవాళ్ళే కావాలి నాయనా," అని ఆ తమ్ముణ్ణి పెన్నుతో కొట్టేశాను. మన భాషలో తల్లి కన్నవాడూ తమ్ముడే, పెద్దమ్మ కన్నవాడూ తమ్ముడే. ఈ ఒక్క మాట వల్ల మా చార్టులు ఎన్ని తగలబడ్డాయో అని విసుక్కున్నాను కూడా.

కొత్తపేట

రాజమండ్రిలో రైలు దిగి బస్సెక్కాను. ఒళ్ళో థర్మోకోల్ పెట్టె, అందులో గడ్డకట్టించిన నీలం జెల్ సంచులు ఆరు. ఆర్‌ఎన్‌ఏకి ఆయుష్షు తక్కువ. తీసిన రక్తంలో మందు కలిపినా చల్లగా లేకపోతే పాడైపోతుంది. కండక్టరు పెట్టెకు లగేజీ టికెట్టు కొట్టబోయి, లోపలేముందని అడిగాడు. రక్తం పట్టడానికి వెళ్తున్నానంటే, "అలాగాండీ, అయితే వద్దులెండి," అని రెండు సీట్లు వెనక్కి జరిగాడు.

రావులపాలెం దాటాక నాకు మాట పడిపోయింది. రోడ్డుకి ఇటు కాలువ, అటు కాలువ, కాలువ గట్టు నిండా కొబ్బరి, కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద. భూమి ఒక్క జానెడు కూడా ఖాళీ లేదు. మా ఊళ్ళో ఒక్క చెట్టు ఉంటే బస్టాపుకి దాని పేరే పెట్టుకుంటాం. పక్క సీటులో ఆవిడ నా మొహం చూసి, "ఏటండీ, కళ్ళు తిరుగుతున్నాయా?" అని నిమ్మకాయ చేతిలో పెట్టింది.

మేనత్తగారి ఇల్లు కొత్తపేట సంతకు వెనకవైపు. పేరు అడగక ముందే కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చారు, కూర్చోకముందే బొండం కొట్టారు. బజార్లో ఒక్కోటి ఐదు రూపాయలట. హైదరాబాదులో పన్నెండు పెట్టి కొనుక్కుంటున్న నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముంజేతి నిండా నీలం మచ్చలు.

"చిన్నప్పట్నించీ ఇంతేనండి. గాజులేయించుకుంటే నాకు వారం రోజులు మచ్చలుండేవి. మా ఆయన కొడుతున్నాడని ఊరంతా అనుకునేవోరు. పాపం ఆయన ఈగని కూడా కొట్టి ఎరగరు."

రక్తం తీశాక ఆ చోటు దూదితో చాలాసేపు అదిమి పట్టుకోవాల్సి వచ్చింది. సూరిబాబు ఎలా ఉన్నాడని ఆవిడ మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ దూది మార్చే పని పెట్టుకున్నాను.

బండార్లంక

సూరిబాబు తల్లి నాగరత్నంగారిని నేను మొదట చూసినప్పుడు ఆవిడ తలెత్తలేదు. మగ్గం ముందు చాప మీద కూర్చుని దారాలు అతుకుతున్నారు. ఒక పడుగు, అంటే నిలువు దారాల వరస, నేయడం అయిపోయాక పాత దారాల కొసలు మగ్గం మీదే వదిలేస్తారు. కొత్త పడుగు దారాల కొసలు ఒక్కొక్కటీ వాటికి అతకాలి. దీన్ని అచ్చు అతకడం అంటారు. ముడి వెయ్యకూడదు. పక్కన చిప్పలో బూడిద ఉంటుంది. వేళ్ళకు కాస్త రాసుకుని, రెండు కొసలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నలుపు నలిపితే రెండూ ఒకే దారమైపోతాయి. అలా వేల కొసలు. ఆవిడ వేళ్ళకేసి చూస్తూ నేను సంచి దించడం కూడా మరిచిపోయాను.

"లాగి చూడండి," అన్నారు ఆవిడ. లాగాను. ఊడలేదు. అతుకెక్కడుందో కూడా కనిపించలేదు.

నా పదేళ్ళ చదువు ఆ చాప మీద కూర్చుని ఉన్నట్టనిపించింది. ఇంతవరకూ ఏ రోగి బంధువుకూ నేను సరిగ్గా చెప్పలేకపోయిన సంగతి ఆవిడకు చిటికెలో చెప్పగలిగాను. కణంలోనూ ఇలాగే అతుకుతారమ్మా, మీ అబ్బాయిలో ఒకచోట తప్పు కొసకు తప్పు కొస పడుతోంది అన్నాను.

ఆవిడ వేళ్ళు ఆగాయి. "ఒక్క దారం పక్కదానికి అతికితే చీర మొదలు నించి చివరిదాకా గీతొచ్చేస్తదండి. ఎంత బాగా నేసినా పోదు."

"ఆయ్," అన్నాను నేను, ఆ ఊరి మాట అప్పుడే అంటుకుని.

"విప్పి మళ్ళీ అతకలేరాండీ?"

"ఇంకా చేతకాదమ్మా. మగ్గం మొత్తం మార్చడమే మాకు తెలుసు. మూలుగ మార్చడమంటే అదే."

"ఇది మా ఆయనగారి వైపు దారం కదండీ. పిల్లలందరికీ వస్తదా?"

"లేదమ్మా. ఒక్కొక్కరికి వస్తే రావచ్చు, లేకపోతే లేదు. బొమ్మా బొరుసా లాగే."

"పోలిక కలవడం?"

"అది తోబుట్టువుల్లో నలుగురిలో ఒకరికి."

ఆవిడ చిప్పలో బూడిదను వేలితో అటూ ఇటూ జరిపారు. నేను చార్టు తీసి, పద్ధతి ప్రకారం అడిగాను. "మీకెంతమంది పిల్లలమ్మా?"

"ఇద్దరండీ," అన్నారు, మళ్ళీ దారాల మీదకు వంగి.

గన్నవరం మీదుగా రాజోలు

మర్నాడు ఆవిడ రక్తం తీసి పెట్టెలో పెట్టుకుని రాజోలు బస్సెక్కాను. అంబాజీపేటలో కొబ్బరికాయల గుట్టలు ఇళ్ళకంటే ఎత్తుగా ఉన్నాయి. పి.గన్నవరం దగ్గర బస్సు నెమ్మదించింది. కిందికి చూస్తే వైనతేయ నది, దాని మీద కట్టిన వంతెన లోపల కాలువ పారుతోంది. నది మీద కాలువ! నీళ్ళ మీద నుంచి నీళ్ళు, ఒకదాన్నొకటి తాకకుండా, ఎవరి దారిన అవి పోతున్నాయి. నేను కిటికీలోంచి సగం బయటికి వంగిపోయాను. డ్రైవరు అద్దంలో చూసి, "మేడంగారూ, తల లోపలెట్టండి. ఆ అక్విడెక్టు మా తాతల నాటి నించి అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు," అన్నాడు. బస్సంతా నవ్వింది.

రాజోలులో పద్మ నన్ను చూడగానే చెయ్యి చాచేసింది. పాతికేళ్ళు ఉంటాయేమో. మోచేతి దగ్గర ఒక మచ్చ ఉంది, ఎలా వచ్చిందని అడిగితే తలుపు తగిలిందంది. నేను ఆ మచ్చను చూడటం తనూ చూసింది.

"నాది పనికొస్తదంటారా అండీ?"

"చూడాలమ్మా."

"పనికొచ్చేలా చూడండి," అంది, అదేదో నా చేతిలో పని అయినట్టు.

వాళ్ళ అత్తగారు నన్ను అన్నం తినకుండా కదలనివ్వలేదు. పనసపొట్టు కూర ఆవపెట్టి వండారు. పొట్టు అంత సన్నగా ఎలా కొట్టారంటే, "కొట్టిందే పొద్దున్నించండి, మీరొస్తారని," అన్నారు. మా ఇళ్ళలో అతిథికి పెద్ద ముద్ద పెట్టడమే మర్యాద. ఇక్కడ పొద్దున్నుంచీ కూర్చుని సన్నగా తరగడం మర్యాద. మూడుసార్లు వడ్డించుకుని, భుక్తాయాసంతో వసారాలో నడుం వాల్చాను. ఆ అరగంటలోనే కొంప మునిగింది.

పెట్టెలో పండుగప్ప

పద్మ తల్లిని చూడాలని నాతోపాటే బయల్దేరింది. సాయంత్రానికి బండార్లంక చేరి పెట్టె మూత తీస్తే గుప్పుమని చేప వాసన. లోపల అరటాకులో చుట్టిన పండుగప్ప ముక్కలు, కిలో పైనే ఉంటాయి. ఆరు జెల్ సంచుల్లో రెండే ఉన్నాయి, అవీ మెత్తగా కారిపోతున్నాయి. రక్తం గొట్టాలు గోరువెచ్చగా ఉన్నాయి.

పద్మ మొహం పాలిపోయింది. "మా అత్తగారేనండి. మీకు హైదరాబాదులో మంచి చేప దొరకదని, ఐసు పెట్టె ఉంది కదాని పెట్టేరు. జాగా చాల్లేదని ఆ నీలం సంచులు నాలుగు తీసేసేరు."

"తీసి?"

"తడిసిపోయున్నాయని ఎండలో ఆరబెట్టేరండి."

నాకు కోపమొచ్చింది. నవ్వూ వచ్చింది. చివరికి ఏడుపొచ్చింది. మేనత్తది, తల్లిది, పద్మది, మూడు గొట్టాలూ పోయినట్టే. పద్మ, తల్లి ఇక్కడే ఉన్నారు, మళ్ళీ తీసుకోవచ్చు. మేనత్తగారి ఇల్లు తిరుగుదారిలోనే ఉంది. అయితే ఐసు లేనిదే ఎవరి రక్తం తీసినా దండగే. అక్కడ ఆసుపత్రిలో సూరిబాబుకు ఒక్కో రోజూ ఖరీదైనదే.

నాగరత్నంగారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు.

"ఐసైతే మా అక్క కొడుకు దగ్గర దొరుకుతుందండి. ముమ్మిడివరంలో ఐసు ఫ్యాక్టరీలో చేస్తాడు. గణపతంటే ఎవరైనా చెప్తారు."

"దగ్గర్లో ఎక్కడా లేదామ్మా?"

"ఆడి దగ్గరైతే మంచిదండి. రొయ్యలకేసే ఐసు. గట్టిగా ఉంటది." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నాకేసి చూడలేదు. చేప ముక్కలు మాత్రం వృథా పోలేదు. నేను అలిగి తిననన్నాను, తర్వాత రెండు తిన్నాను.

ముమ్మిడివరం

మూడో రోజు పొద్దున్నే బస్సులో వెళ్ళాను. వరిచేలు పోయి రొయ్యల చెరువులు మొదలయ్యాయి. చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు తిరుగుతున్నాయి. రొయ్యకు గాలాడకపోతే గంటల్లో చెరువంతా తేలిపోతుందట, అందుకే చక్రాలకు నిద్రలేదు, మనుషులకూ లేదు.

ఐసు ఫ్యాక్టరీలో చలికి, అమ్మోనియా ఘాటుకి ముక్కు మండిపోయింది. ఒకతను కొక్కెంతో మంచు దిమ్మను లాగుతున్నాడు. గణపతి ఎవరని అడిగాను.

"నేనేనండి," అని నవ్వాడు. కుడి బుగ్గ ఒక్కటే సొట్టపడింది.

నేను పెట్టె కింద పెట్టేశాను. పెట్టకపోతే పడేసేదాన్నే. చెవులూ అవే, నవ్వే ముందు తల కాస్త పక్కకు వంచడమూ అదే. పెద్దమ్మ కొడుక్కి ఎంతో కొంత పోలిక ఉండొచ్చులే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇంతలో దిమ్మ అంచు తగిలి అతని ముంజెయ్యి గీరుకుంది. అతను లుంగీతో తుడుచుకున్నాడు. రక్తం ఆగిపోయింది. నేను ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను.

"అన్నయ్యకెలా ఉందండీ?" అన్నాడు. చెప్పాను. అతను ఐసు పగలగొట్టి, ఉప్పు చల్లి, పెట్టె చుట్టూ ఊకా గోనెసంచీ చుట్టాడు. డబ్బు ఇవ్వబోతే కోపగించుకున్నాడు. భోజనానికి రాకపోతే అమ్మ ఊరుకోదన్నాడు.

ఆ అమ్మ సుభద్రమ్మగారు, నాగరత్నంగారి అక్క. భర్త పోయారు. పెసరపప్పు, రొయ్యల వేపుడు వడ్డిస్తున్నారు. నాకు నోరు ఊరుకోదు. అది మా ల్యాబులో అందరికీ తెలిసిన జబ్బే.

"మీ అబ్బాయి అచ్చు గుద్దినట్టు సూరిబాబేనండి," అనేశాను.

గరిట గిన్నెలో ఆగిపోయింది. గణపతి తల వంచుకుని అన్నం కలుపుకుంటున్నాడు.

"అన్నదమ్ములు కదండీ," అన్నారు సుభద్రమ్మగారు చివరికి.

భోజనాలయ్యాక గణపతిని ఏదో పని మీద బయటికి పంపించి, ఆవిడ నా ఎదురుగా పీట వేసుక్కూర్చున్నారు.

"నాకు పిల్లల్లేరండి. ఈడు పుట్టిన పదకొండో రోజున మా చెల్లి నా ఒళ్ళో పెట్టేసింది. ఇచ్చేసిన బిడ్డని మళ్ళీ లెక్కేసుకోకూడదండి. మాలో అదీ మాట. ఇచ్చిన్నాటి నించి అది ఈడికి పిన్నే. పండక్కొస్తే పిన్నిలాగే చొక్కా గుడ్డ పెట్టి వెళ్ళిపోద్ది. ఈడు దాని కడుపున పుట్టేడని ఇంతవరకూ నోరు జారలేదు."

నాకు ఆసుపత్రి మంచం, దుప్పటి అంచు, నా పెన్ను గుర్తొచ్చాయి. సూరిబాబు తమ్ముడున్నాడని చెప్పాడు. కొట్టేసింది నేను. మరుక్షణం అతను పెద్దమ్మ కొడుకనడమూ ఈ ఇంటి లెక్కలో నిజమే. ఆ ఇంట్లో వాళ్ళకు ఇచ్చిన మాట ముందు, ప్రాణం తర్వాత. మనుషులు ఇలా కూడా ఉంటారా అనిపించింది.

"నా చెల్లెలి కొడుకు చావు బతుకుల్లో ఉన్నాడు," అన్నారావిడ. "అయినా ఒక్కనాడు అడగలేదండి అది. 'అక్కా, గణపతిని పంపించు' అనలేదు. నేనూ నా అంతట నేను అనలేదు. భయమేసిందండి. ఈడి రక్తం తీసి, మీ కాగితం మీద ఎవరి కొడుకని రాస్తారు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "సూరిబాబుకి సొంత తమ్ముడని రాయాలండీ. లేకపోతే డాక్టర్లు ఒప్పుకోరు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బయట మోపెడ్ ఆగిన చప్పుడైంది. గణపతి గుమ్మంలోకి వచ్చి మా ఇద్దరి మొహాలూ చూశాడు.

"చొక్కా చెయ్యి పైకి లాగరా," అన్నారు సుభద్రమ్మగారు.

అతను కదల్లేదు. "నీకిష్టమేనా అమ్మా?"

"నీకు తెలుసేట్రా?"

"ఐదో క్లాసులో ఎవడో చెప్పేడు. నువ్వు బాధపడతావని అడగలేదు." అతను నా ముందు కూర్చుని చెయ్యి చాచాడు. "అన్నయ్యకి నాది సరిపోతదంటారా అండీ?"

రక్తం తీస్తున్నంతసేపూ సుభద్రమ్మగారు అతని తల మీద చెయ్యి తియ్యలేదు. గొట్టం మీద 'గ' అని రాసి, రొయ్యల ఐసులోకి దించాను.

మళ్ళీ బండార్లంక

అమలాపురంలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. బస్టాండు దాటి కాస్త దూరం వచ్చామో లేదో, ఒక షెడ్డు ముందు రిక్షాలో మంచు దిమ్మలు ఎక్కిస్తున్నారు.

"ఇక్కడ ఐసు ఫ్యాక్టరీ ఉందా?"

"ఎప్పట్నించో ఉందండి," అన్నాడు ఆటో అతను. "బండార్లంక పెళ్ళిళ్ళన్నిటికీ ఇక్కణ్ణించే కదండీ పట్టుకెళ్తారు."

మిగతా దారంతా నేను నోరు మెదపలేదు. నా విషయంలో అది వార్తే.

నాగరత్నంగారు అదే చాప మీద ఉన్నారు. దారాలు సగం పైన అతికేశారు. పక్కన పద్మ నూలు కండెలు చుడుతోంది.

"ఐసు దొరికిందాండీ?"

"దొరికిందమ్మా. మీరన్నట్టే గట్టిగా ఉంది."

"అక్క బాగుందా?"

"బాగున్నారమ్మా. ఆవిడే తీయించారు."

ఆవిడ చేతులు దులుపుకున్నారు. బూడిద పోలేదని కొంగుకు తుడుచుకున్నారు. పెట్టె మూత తీసి, ఐసు మధ్యలో 'గ' అని రాసున్న గొట్టాన్ని ఒక వేలితో తాకారు.

"మూతెట్టేయండి, కరిగిపోద్ది," అని, ఎడమ చెయ్యి చాచారు, తన రక్తం మళ్ళీ తీసుకోమని.

నాలుగో రోజు కొత్తపేటలో ఆగి మేనత్తగారికి మళ్ళీ సూది గుచ్చి, మళ్ళీ బొండం తాగి, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుని రైలెక్కాను. పెట్టెను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

గీతలు

మా పరీక్షలో ఆర్‌ఎన్‌ఏ ఒక పలకలాంటి జెల్లు మీద గీతలుగా కనిపిస్తుంది. అతుకు సరిగ్గా పడితే ఒక్క గీత. తప్పతుకు కూడా ఉంటే రెండు. సూరిబాబుకు రెండు. మేనత్తగారికి రెండు. నాగరత్నంగారికి ఒకటి.

పద్మకు రెండు.

గణపతికి ఒకటే. నీలి వెలుగులో ఆ ఒక్క గీత చూసి నేను గొట్టం మీది 'గ'ను మళ్ళీ సరిచూసుకున్నాను. ఇద్దరు అన్నదమ్ములు, ఒకే తల్లి, ఒకే తండ్రి. ఒకడి ఒంట్లో కనపడని వేళ్ళు తప్పు కొసను అతుకుతూ వచ్చాయి, ఇంకొకడి ఒంట్లో ఒక్కసారీ తప్పలేదు. పోలిక పరీక్ష ఫలితం వచ్చిన రోజు మా పక్క ఆసుపత్రి డాక్టరుగారు పరిగెత్తుకొచ్చారు. అదీ కలిసింది.

పద్మకు ఈ మాట ఫోనులో చెప్పకుండా, హైదరాబాదు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పాను. ఇప్పుడేమీ లేదు, ఏడాదికోసారి రక్తం చూపించుకుంటూ ఉండాలన్నాను. "నాకూ ఉందని అన్నయ్యకి చెప్పకండి," అంది. "మూలుగ ఎక్కించుకుని లేచేక నేనే చెప్తాను."

గణపతి మూలుగ సూరిబాబుకు ఎక్కించారు. అతనికి నోరు పూసింది, జ్వరాలు వచ్చాయి, రెండుసార్లు మేమంతా ఆశ వదులుకున్నాం. నూరో రోజు దాటాక తీసిన రక్తంలో నేను మళ్ళీ గీతలు చూశాను. సూరిబాబు పేరుకు ఎదురుగా ఒక్కటే గీత ఉంది. తమ్ముడి కణాలు అన్న ఎముకల్లో కూర్చుని తప్పు లేకుండా అతుకుతున్నాయి. ఆ ఫోటో ఇప్పటికీ నా బల్ల మీద ఉంది. పద్మ తన సంగతి అన్నయ్యకు చెప్పిందట. ఇకనుంచి ఏడాదికోసారి చెల్లెల్ని రక్తం పరీక్షకు తనే తీసుకొస్తానని సూరిబాబు అన్నాడు.

ఆఖరి పనిగా చార్టు సరిచెయ్యాలి. నా పెన్నుతో కొట్టేసిన పేరు పక్కన తల్లి నోటి మాటగా వివరం రాసుకోవాలి. బండార్లంకలో నూలు దుకాణం ఫోనుకు చేసి నాగరత్నంగారిని పిలిపించాను. వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తోంది.

"కాగితం కోసం మళ్ళీ ఒకసారి అడుగుతున్నానమ్మా, ఏమీ అనుకోకండి. మీకెంతమంది పిల్లలు?"

ఆవిడ ఫోను మీద చెయ్యి పెట్టినట్టుంది, పక్కనున్న మనిషితో ఏదో అన్నారు. "అక్కా, చెప్పనా?" అన్నట్టే వినిపించింది. చెల్లెలి దగ్గరికి వచ్చి ఉన్నట్టున్నారు, అవతల సుభద్రమ్మగారి గొంతు పొడిగా "చెప్పు" అంది.

"ముగ్గురండీ," అన్నారు నాగరత్నంగారు. "ఆయ్. ముగ్గురు."